రెండో షాపు సంగతి తర్వాత, ముందు పప్పు తూకం వేయండి

ప్రశ్న: అక్కా, మాది కదిరి. నేనూ మా ఆయనా మూడేళ్లుగా బెంగళూరులో, మారతహళ్లి పక్కన మున్నేకొళాలలో కర్రీ పాయింట్ నడుపుతున్నాం. గిరాకీకి లోటు లేదు. రోజుకు సగటున 12,000 అమ్ముతాం. కానీ నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండదు. వైట్‌ఫీల్డ్‌లో ఒక షాపు ఖాళీ అయింది. అద్దె 40,000, అడ్వాన్సు పది నెలలది. చీటీ పాడి రెండు లక్షలు, డైలీ ఫైనాన్స్‌లో రెండు లక్షలు తెచ్చి తీసుకుందాం, రెండు షాపులైతే డబ్బు నిలుస్తుంది అని మా ఆయన పట్టు. ఒక ఆఫీసుకు భోజనాలు పంపాం, 64,000 బాకీ రెండు నెలలుగా రావడం లేదు. జీఎస్టీ నోటీసుల భయంతో క్యూఆర్ కోడ్ తీసేద్దామా అని కూడా ఆలోచిస్తున్నాం. 40 లక్షలు దాటలేదు కాబట్టి మనకు జీఎస్టీ లేదు అని పక్క షాపాయన అంటున్నాడు. వచ్చే నెల మా మరిది పెళ్లికి ఐదు రోజులు షాపు మూసి ఊరెళ్తున్నాం. వచ్చేలోగా ఆ ఓనరుకి మాట చెప్పాలి. నెల ఖర్చుల చిట్టా కూడా రాసి పంపుతున్నాను. మీరేమంటారు?
– ఓ చెల్లెలు, బెంగళూరు

సమాధానం:

అమ్మా, ఆ ఓనరుకి వద్దని చెప్పేయండి. ఊరెళ్లి వచ్చేదాకా కూడా ఆగనక్కర్లేదు. మీ ఆయన నామీద కోపం తెచ్చుకోకుండా, కారణం మీ చిట్టాలోంచే చూపిస్తాను.

నెలకు 26 రోజులు షాపు తీస్తారని రాశారు. అంటే అమ్మకం 3,12,000. ఖర్చులు మీరు రాసినవే: కిరాణా, కూరగాయలు, చికెన్, బియ్యం, నూనె అన్నీ కలిపి 1,50,000. గ్యాస్ 20,000. అద్దె 28,000. కరెంటు, నీళ్ల ట్యాంకరు 7,000. ఇద్దరు పనివాళ్ల జీతాలు, వాళ్ల గది అద్దె 38,000. కవర్లు, డబ్బాలు 12,000. ఫుడ్ డెలివరీ యాప్ వాళ్లు పట్టుకునేది 21,000. మొత్తం 2,76,000. మిగిలింది 36,000.

‘ఏమీ మిగలదు’ అన్నారు కానీ 36,000 మిగులుతోంది. ఇంటద్దె, పిల్లల ఫీజులు, చీటీ వాయిదా అన్నీ అదే గల్లాపెట్టెలోంచి తీస్తున్నారు కాబట్టి మీకది కనబడటం లేదు. అంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు ఇంకో లెక్క వేయండి. పొద్దున నాలుగున్నరకు లేచి పప్పు కడిగేది మీరు. రాత్రి పది దాకా కౌంటర్‌లో నిలబడేది మీ ఆయన. మీ ఇద్దరి చోట జీతానికి మనుషుల్ని పెడితే ఎంతవుతుంది? మీ ఏరియాలో చేయి తిరిగిన వంట మనిషికి 22,000 తక్కువ ఉండదు. కౌంటర్‌లో నమ్మకస్తుడికి 15,000. మొత్తం 37,000. అంటే మీ షాపు లాభం మైనస్ వెయ్యి. మీరు లాభం అనుకుంటున్నది మీ ఇద్దరి జీతం, అదీ కాస్త తక్కువగా.

రెండో షాపులో మీ ఇద్దరూ ఉండరు కదా. అక్కడ వంట మనిషికీ కౌంటర్ మనిషికీ మొదటి నెల నుంచే జీతం ఇవ్వాలి. అద్దె ఇక్కడికన్నా 12,000 ఎక్కువ. గిరాకీ ఇక్కడిలా రావడానికి ఎన్ని నెలలు పడుతుందో తెలియదు. దీని మీద డైలీ ఫైనాన్స్ ఒకటి. వాళ్ల పద్ధతి మీకూ తెలుసు. లక్ష అని రాసుకుని 90,000 చేతికిస్తారు, రోజుకు వెయ్యి చొప్పున వంద రోజులు కట్టాలి. ‘పది శాతమే కదా’ అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకీ తీరుతూనే ఉంటుంది కాబట్టి లెక్క కడితే ఏడాదికి వడ్డీ 75 శాతం దాటుతుంది. రెండు లక్షలు తీసుకుంటే రోజుకు 2,000 కట్టాలి. ఇప్పుడు మీకు మిగులుతున్నది రోజుకు 1,400 కూడా కాదు. ఈ ఒక్క వాక్యం మీ ఆయనకు చదివి వినిపించండి చాలు.

ఈ తప్పు నేనూ చేశాను. కె.ఆర్.పురంలో పిండివంటల షాపు నడిపే రోజుల్లో, పండగ సీజన్‌లో వచ్చిన గిరాకీ చూసి మురిసిపోయి ఇంకో లేఅవుట్‌లో రెండోది తెరిచాను. నెల తిరక్కుండానే, నా దగ్గర ఏళ్ల తరబడి కొంటున్న ఒక పెద్దావిడ జంతికలు తుంచి వేళ్లకంటిన నూనె చూపించి, ‘ఇవి నీ చేతివి కావమ్మా’ అని కాగితం మీద పెట్టేసి వెళ్లిపోయారు. నేను పెట్టిన మనిషి మంచివాడే. నూనె సరిగ్గా కాగకముందే పిండి వేసేవాడు, అంతే. ఆ సంగతి చెప్పడానికి నేను అక్కడ లేను. ఏడు నెలలకు మూసేశాం. అడ్వాన్సులో రంగులకని, ఇంకా దేనికోసమో అని కోసుకుని ఓనరు మిగతాది ఇచ్చాడు.

సరే, ఉన్న షాపు సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో నాకు బాగా గుచ్చుకున్న మాట ఇది: ‘అన్ని కూరలూ 40 రూపాయలే, లెక్క సులువుగా ఉంటుందని’. ఎవరికి సులువు?

రేపు ఒక చిన్న తూకం కాటా కొనండి. కిలో కందిపప్పుతో టమాటా పప్పు చేస్తే దించేసరికి నాలుగు కిలోలు అవుతుంది. పావు కిలో చొప్పున 16 ప్యాకెట్లు, 640 రూపాయలు. పప్పు, టమాటా, పోపు అన్నీ కలిపి 180 అయిందనుకుందాం. అదే రోజు కిలో బెండకాయ వేపుడు చేయండి. తొడిమలు, ముచ్చికలు కోస్తేనే వంద గ్రాములు పోతాయి. నీరంతా ఇగిరి వేగేసరికి గిన్నెలో మిగిలేది అర కిలో. 150 గ్రాముల చొప్పున మూడు ప్యాకెట్లు, 120 రూపాయలు. బెండకాయలు 60, నూనె 20, పల్లీలూ కారమూ 10 వేసుకుంటే 90 పోయింది. కవర్లు, గ్యాస్ తీసేస్తే ఆ మూడు ప్యాకెట్ల మీద పదో ఇరవయ్యో మిగులుతుంది. దాని కోసం ఒక మనిషి ముప్పావు గంట బాణలి ముందు నిలబడాలి. మీ షాపును మోస్తున్నది పప్పు, పప్పుచారు, సాంబారు. వేపుళ్లు వాటి భుజాల మీద కూర్చున్నాయి. దొండకాయ, కాకరకాయ వేపుళ్ల సంగతీ ఇంతే. కూరగాయల ధరలు రోజూ మారతాయి కాబట్టి నా అంకెలు పక్కన పెట్టి మీ అంకెలు వేసుకోండి, కానీ తేడా మాత్రం ఇలాగే ఉంటుంది.

వేపుళ్లు మానేయమని నేననను. పీజీ హాస్టళ్ల కుర్రాళ్లు బెండకాయ వేపుడు కోసమే వస్తారు, దాంతోపాటు పప్పు తీసుకుంటారు. ధర 40 కాకుండా 55 పెట్టండి. లేదా వారానికి మూడు రోజులే చేయండి. మీకు రోజుకు సుమారు 240 ప్యాకెట్లు పోతాయనుకుంటే, అందులో వంద ప్యాకెట్ల మీద ఐదేసి రూపాయలు పెరిగినా నెలకు 13,000 వస్తుంది. ఈ 13,000 గుర్తుపెట్టుకోండి, జీఎస్టీ దగ్గర పనికొస్తుంది.

ఇంకొక్కటి, గరిటె. మీరు కట్టేటప్పుడు 16 వచ్చే పప్పు ప్యాకెట్లు మీ హెల్పర్ కట్టేటప్పుడు ఎన్ని వస్తున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? తెలిసిన కుర్రాడొస్తే నిండు గరిటె, తొందరలో ఉంటే ఇంకో సగం. పదహారు కాస్తా పదమూడు అవుతాయి. అతను దొంగ కాదు, కొలత లేదు, అంతే. పావు కిలో పట్టే స్టీలు గ్లాసు ఒకటి కొని పప్పు గిన్నెలో పడేయండి. వేపుడికి చిన్న గ్లాసు. ఎవరు కట్టినా అంతే రావాలి.

కవర్ల ఖర్చు 12,000 కూడా ఎక్కువే అనిపించింది. గిన్నె తెచ్చుకున్నవాళ్లకు రెండు రూపాయలు తగ్గించండి. పక్క వీధుల్లో కాపురాలు ఉంటున్నవాళ్లు తప్పకుండా తెస్తారు. కాగే సాంబారు పల్చటి కవర్లో పోయడం ఆరోగ్యానికీ మంచిది కాదు, మీకు తెలియంది కాదు. పైగా 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 చివరి నుంచే నిషేధం. తనిఖీకి వస్తే జరిమానా వేరే.

యాప్ సంగతి. నెలకు 60,000 అమ్మితే మీ ఖాతాలో పడింది 39,000 అని రాశారు. కమిషన్, ప్రకటనలు, డిస్కౌంట్‌లో మీ వాటా అన్నీ పోను అది. అంటే వందకు 35 వాళ్లకే. సరుకు ఖర్చు మీకు వందకు 48. మిగిలిన 17లోంచి డబ్బా, గ్యాస్, జీతం. 40 రూపాయల వేపుడు ప్యాకెట్ యాప్‌లో అమ్మితే సరుకు ఖర్చు కూడా రాదు. అక్కడ విడి కూరలు తీసేసి, అన్నం, పప్పు, ఒక వేపుడు, రసం, పెరుగు కలిపి ఒక్క భోజనంగా మంచి ధరకు పెట్టండి. ప్రకటనలు ఒక నెల ఆపి చూడండి, అమ్మకం ఎంత తగ్గిందో. మీ అసలు గిరాకీ అర కిలోమీటరు లోపల ఉన్న పీజీలు. వాళ్లకు యాప్ ఎందుకు? పొద్దున పదకొండుకు వాట్సాప్‌లో ఆ రోజు కూరలు రాసి పంపండి. ‘ఈ రోజు సంగటి ఉంది’ అన్న నాలుగు మాటలకు మన అనంతపురం, కడప పిల్లలు పరిగెత్తుకొస్తారు. ఆఫర్లూ డిస్కౌంట్లూ చేయలేని పని అది.

ఇక జీఎస్టీ. పక్క షాపాయన మాట వినకండి. 40 లక్షల పరిమితి సరుకులు అమ్మేవాళ్లకు. వండిన తిండి అమ్మడం చట్టం లెక్కలో రెస్టారెంట్ సేవ. కూర్చోబెట్టి వడ్డించినా, పార్సిల్ కట్టిచ్చినా అంతే. సేవలకు పరిమితి ఏడాదికి 20 లక్షలు. మీ అమ్మకం ఏడాదికి 37 లక్షలు దాటుతోంది. అంటే రిజిస్ట్రేషన్ ఎప్పుడో చేయించాల్సింది.

2025 జులైలో బెంగళూరులో జరిగింది మీరు కళ్లారా చూసే ఉంటారు. యూపీఐలో వచ్చిన డబ్బు లెక్కలు పట్టుకుని కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ బేకరీలకు, చిన్న షాపులకు నోటీసులు పంపింది. 2021-22 నుంచి లెక్కలు తీశారు. భయపడి చాలామంది ‘నో యూపీఐ, ఓన్లీ క్యాష్’ అని అట్టముక్కలు కట్టారు. చివరికి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో మాట్లాడి పాత బాకీలు వసూలు చేయబోమని, ఇకముందు మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదని చెప్పారు. ఆ అట్టముక్క మీ గోడకు వద్దు. క్యూఆర్ తీసేస్తే వందకో యాభైకో చిల్లర ఉండని ఐటీ పిల్లలు పక్క షాపుకెళ్తారు. పైగా ఇప్పటిదాకా ఖాతాలో పడింది చెరిగిపోదు.

భయం అంత పెద్దదేమీ కాదు, లెక్క చూడండి. మీ మీద పడే పన్ను 5 శాతం. యాప్ ద్వారా అమ్మిన దాని మీద పన్ను 2022 జనవరి నుంచి యాప్ వాళ్లే కడతారు. మీరు కట్టాల్సింది మిగతా 2,52,000 మీద, అంటే నెలకు సుమారు 12,600. పైన గుర్తుపెట్టుకోమన్న 13,000 ఇందుకే. ధరలు సర్దకుండా కడితే మాత్రం మీ 36,000లో మూడో వంతు పోతుంది. చిన్న వ్యాపారులకున్న కాంపోజిషన్ పద్ధతిలో అయితే మూడు నెలలకోసారి పన్ను కడితే చాలు, కానీ కస్టమర్ దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు. యాప్‌లో కూడా అమ్ముతున్నారు కాబట్టి అది మీకు కుదురుతుందో లేదో ఒక ఆడిటర్‌ని అడిగే నిర్ణయించుకోండి. పాత సంవత్సరాల సంగతీ ఆయనతోనే దాచకుండా మాట్లాడండి. ఆడిటర్‌కి ఇచ్చే ఫీజు దగ్గర పిసినారితనం వద్దు.

ఈ పనితోపాటే షాపుకు బ్యాంకులో వేరే కరెంట్ అకౌంట్ తెరవండి. ఇప్పుడు క్యూఆర్ మీ ఆయన సొంత ఖాతాది. కూర డబ్బూ, చీటీ డబ్బూ, మీ తమ్ముడు పంపిన డబ్బూ అందులోనే పడుతున్నాయి. రేపు ఎవరైనా అడిగితే ఏది అమ్మకం, ఏది కాదు అని నిరూపించుకోవడమే పెద్ద టెన్షన్. వేరే ఖాతా అయ్యాక మీ ఇద్దరూ ప్రతి నెలా ఒకటో తారీఖున అందులోంచి జీతం తీసుకోండి. ఇంటి ఖర్చు ఆ జీతంలోంచే. గల్లాపెట్టె తాళం మీ దగ్గరున్నా సరే, పాల ప్యాకెట్‌కి కూడా అందులో చెయ్యి పెట్టకూడదు. మొదటి రెండు నెలలు ఇంట్లో గొడవవుతుంది, మా ఇంట్లోనూ అయింది.

ఆఫీసు బాకీ 64,000. ముందు భోజనాలు ఆపండి. ‘ఆపితే పాతది కూడా ఇవ్వరేమో’ అనే భయంతోనే ఈ బాకీ ఇంత పెరిగింది. బిల్లులన్నీ తేదీల వారీగా కట్టగట్టి, వాళ్ల అకౌంట్స్ వాళ్లకు ఈమెయిల్ చేయండి. ఫోన్‌లో అడిగింది ఎక్కడా నిలవదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు, వెంటనే చేసుకోండి. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా అవుతుంది, వెయ్యీ రెండు వేలూ అడిగే ఏజెంట్ల జోలికి పోవద్దు. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లును కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. ఆలస్యమైతే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ. దీనికన్నా బాగా పనిచేసేది ఇంకోటుంది. 2024 నుంచి ఆదాయపు పన్ను లెక్కలో, అలా గడువు దాటిన బిల్లును కంపెనీ నిజంగా కట్టేదాకా ఖర్చుగా చూపించుకోలేదు. అందుకే మార్చి దగ్గర పడితే వాళ్ల ఆడిటరే ‘ఇవి కట్టేయండి’ అని వెంటపడతాడు. మీరు రిజిస్టర్ కాకముందు బిల్లులకు ఈ చట్టం అండ ఎంతవరకు దొరుకుతుందన్నది చిక్కు ప్రశ్న, కాబట్టి పాత 64,000 మంచి మాటతో, వాయిదాల మీదైనా రాబట్టుకోండి. ఇకముందు ఏ ఆఫీసుకైనా వారం డబ్బు ముందు, భోజనం తర్వాత.

పెరగాలన్న కోరిక తప్పేమీ కాదు. మీ వంటగది మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఖాళీగా ఉంటుందని రాశారు. దానికీ అద్దె కడుతున్నారు కదా. చెనిక్కాయల పొడి, నల్లకారం, గోంగూర పచ్చడి చేసి వంద గ్రాముల డబ్బాల్లో కౌంటర్ మీద పెట్టండి. మిగిలితే సాయంత్రానికి పాడయ్యే సరుకు కాదు. డబ్బా మీద తయారైన తేదీ, బరువు, పదార్థాలు, ధర, శాకాహార గుర్తు, మీ ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) 14 అంకెల నంబరు వంటివన్నీ ఉండాలి. మీ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇప్పటి అమ్మకానికి తగినదో కాదో, పొడులు కూడా అందులో రాసి ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. మిక్సీ చాలక చిన్న గ్రైండర్ కొనాలంటే ముద్రా లోన్ అడగండి. అందులో కిశోర్ అనే రకం కింద 50,000 పైన ఐదు లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. బ్యాంకువాళ్లు అడిగే ఉద్యమ్, జీఎస్టీ, ఖాతా స్టేట్‌మెంట్లు అప్పటికి మీ దగ్గర ఉంటాయి.

కొత్త ధరల బోర్డు రాయించేటప్పుడు కన్నడ మర్చిపోవద్దు. షాపు పేరు బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలన్నది ఇక్కడి చట్టం. చట్టం సంగతి అలా ఉంచి, మీ వీధిలో కన్నడ వాళ్లు లోపలికి రాకపోవడానికి బోర్డే కారణం కావచ్చు. ‘ఖార జాస్తి’ (కారం ఎక్కువ) అని వాళ్లు భయపడే కూరల పక్కన ఒక మిరపకాయ బొమ్మ వేయించండి.

ఇక పెళ్లి. ఐదు రోజులు షాపు మూస్తామన్నారు. మూయకండి. ఇంకా నెల టైముంది. మీ ఇద్దరు పనివాళ్లలో వంటమీద చెయ్యి బాగున్నవాణ్ణి ఒకణ్ణి పక్కన నిలబెట్టుకుని పప్పు, పప్పుచారు, సాంబారు, ఒక గుజ్జు కూర మాత్రం నేర్పండి. ఉప్పు ‘సరిపడా’ అనకుండా గ్రాముల్లో రాసి, వంటగది గోడకు అంటించండి. ఆ ఐదు రోజులూ వేపుళ్లు లేవు, యాప్ లేదు, నాలుగు కూరలు మాత్రమే. కదిరి వెళ్లి హాయిగా పెళ్లి చూసుకు రండి, రోజుకు పదిసార్లు ఫోన్ చేయకండి. వచ్చాక కొన్న పప్పు ఎంత, కట్టిన ప్యాకెట్లు ఎన్ని, ఖాతాలో పడిందెంత చూసి, రోజూ వచ్చే పీజీ పిల్లల్ని ఇద్దర్ని ‘పప్పెలా ఉంది?’ అని అడగండి. వాళ్లకు మీరు ఊళ్లో లేని సంగతే తెలియకపోతే, అప్పుడు వైట్‌ఫీల్డ్ గురించి మళ్లీ రాయండి.